ఇద్దరు దిద్దిన పెట్టె

పోయిన వారం మనం అమ్మడిని ఎక్కడ వదిలామో అక్కడే ఉంది. ఒక్క అంగుళం కదలలేదు. చేతిలో రేకు పెట్టె, ముందు బల్ల మీద ఇనుప చట్రం. పెట్టె చట్రంలోకి దిగాలి, దిగనంటోంది. నెడితే అంచు గీసుకుంటోంది, వదిలితే వెక్కిరిస్తున్నట్టు పైకి లేస్తోంది.

సంగతేమిటో మరచిపోయినవారికి రెండు ముక్కలు. లిఫ్టులు చేసే కంపెనీవాళ్ళు మీటలు బిగించే రేకు పెట్టెలు కావాలని పెదనాన్న రేకుపని షెడ్డుకు వచ్చారు. పెట్టె దిగాల్సిన చట్రం ఇచ్చి, ముందు మచ్చుకు ఒక్కటి చేసి చూపించమన్నారు. డ్రాయింగు గీసే పని అమ్మడిది. ఆమె పెదనాన్నకు తమ్ముడి కూతురు. చదువు ముగించి ఈ షెడ్డుకు వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని ఇంకా ఏడాది కాలేదు. ఇన్నాళ్ళూ పాత డ్రాయింగులనే ఉన్నవి ఉన్నట్టు వాడుతూ వచ్చింది. అంతకుముందు ఆ కుర్చీ అన్నయ్యది, అంటే పెదనాన్న కొడుకుది. అన్నయ్య ఎప్పుడో గీసి ఉంచిన పెట్టెనే తీసుకుని అమ్మడు కొత్త కొలతలు వేయబోతే, మూల మడత దగ్గర తెర మీద ఎర్ర గుర్తు పడింది. పెట్టెను విప్పి చదును రేకుగా చూపించమంటే సాఫ్ట్‌వేరు మొండికేసింది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ప్రతి మడత దగ్గరా సాఫ్ట్‌వేరు పట్టిక ప్రకారం ఉండాల్సిన అంకెను తీసేసి, ఎవరో చేత్తో వేరే అంకె పెట్టారు. అమ్మడు వాటన్నిటినీ కొట్టేసి సరైనవి పెట్టింది. ఎర్ర గుర్తు పోయింది. తెర మీద పెట్టె పువ్వులా విచ్చుకుంది.

తెర మీద తప్పు పోయింది, రేకు మీద మొదలైంది. వంచిన పెట్టె రెండు మిల్లీమీటర్లు వెడల్పుగా వచ్చింది. ఇంకొకటి చేస్తే అదీ అంతే. ఇవాళ మధ్యాహ్నం కంపెనీ ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది.

“ఏం అమ్మడూ, కొత్త కోడలు గుమ్మంలోకి రానంటోందా?” అన్నాడు వెల్డర్ బాబాయి, ముఖానికి అడ్డుపెట్టుకున్న నల్ల అద్దం పైకెత్తి.

“బతిమాలుతున్నాను బాబాయ్.”

“బతిమాలితే బిగుసుకుంటారు. నా సుత్తి ఇస్తాను, రెండు తగిలించు. అదే దిగుతుంది.”

“సుత్తితో దిగితే నాకు కంప్యూటరెందుకు?”

“ఆ మాటే మేం మొదట్నించీ అంటున్నాం తల్లీ” అని బాబాయి అద్దం దించేసుకున్నాడు. నిప్పురవ్వలు చిమ్మాయి.

అన్నయ్య ఆఫీసు గదిలోంచి వచ్చాడు. పెట్టెను చూశాడు, చట్రాన్ని చూశాడు, చెల్లెల్ని చూశాడు.

“చూశావా చెల్లాయ్! నేను గీసినన్నాళ్ళూ ఒక్క పెట్టె వెనక్కి రాలేదు. నువ్వొచ్చి బాగుచేశాకే పాడైంది.”

“ఆ అంకెలు తప్పు అన్నయ్యా. మన రేకు మందానికి పుస్తకంలో…”

“పుస్తకం వచ్చి పెట్టె వంచుతుందా? నా అంకెలు మళ్ళీ పెట్టెయ్. పెట్టె దిగుతుంది. ఆవిడ చూసుకుని సంతోషంగా పోతుంది.”

“దిగుతుంది సరే. వాళ్ళు డ్రాయింగు కూడా అడిగారుగా. సగం పెట్టెలు వాళ్ళ షెడ్డులోనే వంచుకుంటారట. తప్పు డ్రాయింగుతో అక్కడ కుదరకపోతే?”

అన్నయ్య మెడ రుద్దుకున్నాడు. “అవును, అక్కడ కుదరదు” అని, వెంటనే నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయాడు.

“అదేంటి? ఇక్కడ కుదిరేది అక్కడెందుకు కుదరదు? రేకు అదే, మెషీను అలాంటిదే. నాకు మతి పోతోంది.”

“మతి పోతే కుర్చీ కూడా పోతుంది. నాన్నకి చెప్పేశాను. ఈ మచ్చు పోయిందంటే రేపట్నించి నువ్వు ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తుకో. డ్రాయింగులు నేనే చూసుకుంటాను.”

మాటల్లో కోపం ఉంది గాని కళ్ళలో లేదు. కళ్ళలో ఉన్నదేమిటో అమ్మడికి అంతుపట్టలేదు. దొంగను పట్టుకున్నవాడి చూపు కాదది. దొంగసొత్తును దాచుకున్నవాడి చూపులా ఉంది.

రెండు మిల్లీమీటర్లు ఊరికే పుట్టవు. అమ్మడు మొదటికొచ్చింది. వెర్నియర్‌తో రేకు మందం చూసింది. డ్రాయింగులో ఎంత ఉందో అంతే. మెషీనుకు తగిలించిన డైని, అంటే రేకు వంగే గాడి దిమ్మెను చూసింది, అదీ సరైనదే. మడవకముందు రేకు పొడవు చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. చదునుగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉన్న రేకు, వంచగానే మాట తప్పుతోంది.

వంచినప్పుడు రేకు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది. మధ్యలో ఎక్కడో సాగనిదీ నలగనిదీ ఒక గీత ఉంటుంది. అది కంటికి కనబడదు. ఎక్కడుందో సాఫ్ట్‌వేరుకు ఒక అంకెతో చెప్పాలి. ఆ అంకె తప్పితే పెట్టె తప్పుతుంది. అమ్మడు పెట్టిన అంకె తప్పేమో! చిన్న రేకుముక్క తీసి, దాని మీద అడ్డంగా గీత గీసి, “పెదనాన్నా, ఈ గీత మీద ఒక్క మడత” అంది. ఆయన వంచి ఇచ్చాడు. కొలిచింది. ముక్క అచ్చంగా తెర మీద చెప్పినట్టే ఉంది.

అంకె మంచిదే. రేకు మంచిదే. మెషీను మంచిదే. అందరూ మంచివాళ్ళే గాని గాదెలో గింజలు మాత్రం లేవన్నట్టుంది వరస. అమ్మడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. ఊరికే కూర్చోలేక, ఇంతవరకూ ఎవరూ కొలవని పక్కగోడలు కొలిచింది. గోడలు చట్రం వెనక చీకట్లోకి పోతాయి, వాటితో ఎవరికీ పని లేదు. ఒక గోడ మిల్లీమీటరు కురచ. రెండోదీ మిల్లీమీటరు కురచ.

ఆమె వీపు నిటారైంది. రేకు ఎక్కడికీ పోలేదు, ఎక్కడినుంచీ రాలేదు. రెండు గోడల్లోంచీ కాస్త కాస్త తీసి ఎవరో మధ్యభాగానికి, పెట్టె నడుముకు పెట్టారు. మడత పడాల్సిన చోట పడలేదు.

లేచి వెళ్ళి పెదనాన్న వెనక నిలబడింది.

ఆయన వేరే పనిలో ఉన్నాడు. బెండింగ్ మెషీను వెనకవైపు స్టాపరు ఉంటుంది. రేకు అంచు దాన్ని తాకితే, మడత ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. స్టాపరును ముందుకూ వెనక్కూ జరపడానికి పక్కన ఒక చక్రం. పెదనాన్న డ్రాయింగు చూసి అంకె పెట్టాడు. రేకు ఎత్తాడు. కాలు పెడల్ మీద వేసే ముందు, జారిన కళ్ళద్దాలు పైకి తోసుకున్నంత అలవోకగా, బొటనవేలితో చక్రాన్ని చిటికెడు తిప్పాడు.

“పెదనాన్నా! ఇప్పుడేం చేశావు?”

“ఏం చేశాను? రేకు పెట్టాను.”

“కాదు. చక్రం తిప్పావు.”

“నేనా?” ఆయన తన బొటనవేలిని పొరుగింటివాడి బొటనవేలిలా చూసుకున్నాడు. తరవాత ఆఫీసు గది వైపు ఓ కన్నేసి, గొంతు తగ్గించాడు. “గట్టిగా అనకు. వాడు వింటాడు.”

“ఎవరు, అన్నయ్యా?”

“వాడు గీసిన రేకు ఎప్పుడూ కురచే అమ్మడూ. పాపం, ఎంత జాగ్రత్తగా గీసినా నడుము దగ్గర చాలదు. పెట్టె చట్రంలో గలగలమంటుంది. అందుకని స్టాపరు కాస్త ముందుకు లాక్కుంటాను. గోడలు కాస్త తగ్గుతాయి, నడుము నిండుతుంది. గోడలెవడు చూడొచ్చాడు?”

“ఆ మాట అన్నయ్యకి చెప్పలేదా?”

“చెప్పి? చిన్నప్పట్నించీ లెక్కలంటే వాడికి జ్వరం. అయినా పట్టుబట్టి ఈ కంప్యూటరు నేర్చుకున్నాడు. నువ్వు గీసిందల్లా తప్పురా అని ఏ నోటితో అనమంటావు? బిడ్డ తప్పు తండ్రి కప్పకపోతే ఊళ్ళోవాళ్ళు కప్పుతారా? చేతికి అలవాటైపోయింది. నువ్వు గీసినవాటికీ అదే చెయ్యి పడుతోందన్నమాట!” అని నవ్వి, అంతలోనే నవ్వు ఆపేశాడు. “వాడికి చెప్పకు. నా మీద ఒట్టే.”

అమ్మడు ఒట్టు పెట్టింది. గుండెల మీద బరువు సగం దిగింది. కాని మిగతా సగం మరీ బరువెక్కింది. అన్నయ్య అంకెలు తెలియక తప్పు పెట్టినవి కావు. ఒక్కో మడత దగ్గరా కూర్చుని, పట్టిక తీసేసి, కావాలని పెట్టినవి. లెక్కలంటే జ్వరం వచ్చేవాడు పట్టికను నమ్ముకుంటాడు గాని పట్టికతో పోట్లాడతాడా?

ఆఫీసు గదిలో అన్నయ్య అప్పుడే ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“అన్నయ్యా, కసరకుండా ఒక్కటి చెప్పు. ఆ అంకెలు ఎందుకు మార్చావు?”

అన్నయ్య లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. “నాన్నకి చెప్పవుగా?”

“చెప్పను.”

“ఒట్టు?”

“ఒట్టే. చెప్పు ముందు.”

“అమ్మకి కూడా తెలీదు. నాన్న చూపు మునపట్లా లేదే. నేను సరిగ్గా గీసిస్తే పెట్టెలు వెడల్పుగా వచ్చేవి. ఒకటీ అరా కాదు, అన్నీ. నేనూ నీలాగే తల బద్దలుకొట్టుకున్నాను. చివరికి గోడలు కొలిచి చూస్తే, ఆయన చేతిలో మడత పక్కకి జరుగుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఆ మెషీను దగ్గర నిలబడ్డ మనిషిని పట్టుకుని, నాన్నా నీ చెయ్యి తప్పుతోంది అని ఎలా అనను? మానేసి ఇంట్లో కూర్చుంటాడు. మెషీను లేకపోతే ఆయన లేడు. అందుకని రేకునే కాస్త కురచ చేశాను. ఆయన ఇంకాస్త తప్పాడు, నేను ఇంకాస్త కురచ చేశాను.”

అమ్మడు గోడకు ఆనుకుంది.

రేకు కురచని తండ్రి లాగాడు. తండ్రి లాగాడని కొడుకు కురచ చేశాడు. కురచ చేశాడని తండ్రి మళ్ళీ లాగాడు. చెట్టు ముందా విత్తు ముందా అని ఇప్పుడు ఎవరిని అడగాలి? ఎప్పుడో ఒకరోజు మందం రేకు వచ్చి ఒక్క పెట్టె తేడా చేసి ఉంటుంది. అక్కణ్ణించి ఒకరు ఉప్పు వేస్తుంటే ఇంకొకరు నీళ్ళు పోస్తూ వచ్చారు. రుచి ఎన్నడూ చెడలేదు గనక ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి ఆ అంకె దిగీ దిగీ ఎక్కడికి పోయిందంటే, కొత్త పెట్టె మూలలో రెండు మడతలు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. సాఫ్ట్‌వేరు ఎర్ర గుర్తు పెట్టి మొత్తుకున్నది అందుకే.

ఒక్క క్షణం ఆమెకు నవ్వొచ్చింది. మరుక్షణం ఏడుపొచ్చింది. అన్నయ్యకు నిజం చెబితే ‘నీ తండ్రి నిన్ను ఇన్నాళ్ళూ మొద్దువనుకున్నాడు’ అని చెప్పినట్టు. పెదనాన్నకు చెబితే ‘నీ కొడుకు నిన్ను గుడ్డివాడనుకున్నాడు’ అని చెప్పినట్టు. పైగా రెండు ఒట్లు. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒకసారి నలిగితే సరిపోతుంది.

ఇద్దరికీ తెలియకుండా ఇద్దరినీ ఆపితే? ఆ దారి ఆమెకు భలేగా తోచింది. తెలివిగా తోచిన దారులన్నీ తిన్నగా ఉండవని తరవాత తెలిసింది.

“అన్నయ్యా, ఈ ఒక్కసారికి నా మాట విను. నేను పెట్టిన అంకెలతోనే రేకు కోయించు. మెషీను దగ్గర సంగతి నేను చూసుకుంటాను.”

“నువ్వేం చూస్తావు? నాన్న చెయ్యి పట్టుకుని నిలబడతావా?”

“చూస్తానన్నానుగా.”

“అదే, ఎలా?”

చెప్పడానికి లేదు. అన్నయ్య మళ్ళీ కుర్చీలో కూర్చుని తెర వైపు తిరిగాడు.

“సరే, నువ్వెళ్ళు. కటింగ్‌కి నేను పంపిస్తాలే.”

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఆ సంతోషంలో వెనక్కి తిరిగి చూడలేదు.

పెదనాన్న దగ్గరికి వచ్చి, “ఈసారి చక్రం తిప్పకు పెదనాన్నా. డ్రాయింగులో ఎంతుంటే అంతే పెట్టు” అంది.

“మరి కురచో?”

“ఇది నేను గీసింది. కురచ ఉండదు.”

“అంటే వాడు గీసినవి నిజంగానే కురచలన్నమాట. నువ్వూ చూశావన్నమాట.”

ఔనంటే అన్నయ్య తప్పు. కాదంటే పెదనాన్న తప్పు. “అవి అవే, ఇవి ఇవే” అంది అమ్మడు.

“ఇదెక్కడి జవాబే! చదువుకున్నవాళ్ళ మాటలు మాకు అర్థం కావులే అనుకుందామంటే, నీకూ అర్థమైనట్టు లేదు.”

“కాలేదు పెదనాన్నా. ఒక్క పెట్టె నా మాట మీద వంచు.”

ఆయన ఆమె ముఖం చూసి మెత్తబడ్డాడు. “సరేలే. కావాలంటే ఆ వేలు కట్టేసుకుంటాను, చాలా?”

అంతలో బయట కారు ఆగింది. రావాల్సిన వేళకంటే ముందే వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ, ఎవరూ పిలవకముందే లోపలికి వచ్చేసి, “కంగారు పడకండి, మీ పని మీరు చేసుకోండి, నేనిలా నిలబడి చూస్తాను” అంది. నిలబడి చూస్తాననడం కంటే కంగారు పెట్టే మాట ఇంకోటుందా! కోసిన రేకు వచ్చింది. ప్రతి రేకునూ కొలవనిదే మెషీను ఎక్కనివ్వని అమ్మడు, ఆవిడకు కుర్చీ వెతికే హడావిడిలో ఈ ఒక్కదాన్నీ కొలవలేదు.

పెదనాన్న స్టాపరు పెట్టాడు. రేకు పెట్టాడు. బొటనవేలు చక్రం దాకా వెళ్ళి, గుర్తొచ్చి, వెనక్కి వచ్చింది. పెడల్ నొక్కాడు. ఒక మడత. రేకు తిప్పాడు. ఇంకో మడత. అమ్మడు రెప్ప వేయలేదు. ఆ చేతిలో వణుకు లేదు, తొందర లేదు. నూటికి నూరుపాళ్ళు డ్రాయింగు చెప్పినట్టే వంచాడు.

పెట్టెను తీసుకెళ్ళి చట్రంలో దించాడు. పెట్టె ఆగకుండా దిగింది. దిగి, అటూ ఇటూ కదిలి, గలగలమంది.

వెల్డర్ బాబాయి అద్దం ఎత్తి చూశాడు. ఇన్‌స్పెక్టరమ్మ సందులోకి తన కొలకర్ర దూర్చి చూసింది. “రెండు మిల్లీమీటర్లు తక్కువండీ.”

“నేను తిప్పలేదు అమ్మడూ” అన్నాడు పెదనాన్న చిన్నపిల్లాడిలా. “నువ్వు చూశావుగా. తిప్పలేదు.”

“చూశాను.”

“నువ్వు గీసింది సరైనదేనా?”

“సరైనదే పెదనాన్నా” అనేసింది, ఆలోచించకుండానే. అన్నాక తల తిప్పి ఆఫీసు గది వైపు చూసింది. గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. పెట్టెను చూడటం లేదు. నేల చూస్తున్నాడు. పాలిపోయిన ఆ ముఖం చూడగానే ఆమెకు అంతా తెలిసిపోయింది. బయటిమనిషి ముందు తండ్రి చెయ్యి తప్పుతుందేమోనన్న భయంతో, ఆమె ఇటు రాగానే, ఎర్ర గుర్తు పడే మూల మడత ఒక్కటి వదిలేసి మిగతావాటికి పాత అంకెలు మళ్ళీ పెట్టేసి, రేకు కురచగా కోయించాడు. తండ్రి మొట్టమొదటిసారి సరిగ్గా వంచిన పూటే.

పెదనాన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

“గీత సరైనదట. ఇంక మిగిలింది నేనే” అని ఇన్‌స్పెక్టరమ్మ వైపు తిరిగాడు. “డ్రాయింగులో తప్పు లేదమ్మా. మా పిల్ల బాగా గీసింది. తప్పింది నా చెయ్యి. ఇన్నాళ్ళూ మా అబ్బాయి గీసిందే కురచనుకుని, వాడి తప్పు కప్పుతున్నాననుకుని మురిసిపోయాను. కురచ నా చూపే.”

అన్నయ్య దిగ్గున తలెత్తాడు.

పెదనాన్న వంగి మెషీను ఆపేశాడు. పొద్దున్నుంచీ చెవుల్లో ఉన్న ఆ మోత ఆగేసరికి షెడ్డు ఖాళీ ఇల్లులా అయిపోయింది.

“పెద్దవారు, అంత మాట ఎందుకండీ” అంది ఇన్‌స్పెక్టరమ్మ, నిజంగానే నొచ్చుకుని. “డ్రాయింగు సరిగ్గా ఉందంటున్నారు కాబట్టి అది మాకిచ్చేయండి. వంచే పని మొత్తం మా షెడ్డులోనే చేసుకుంటాం. మీకు శ్రమ వద్దు.” సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి అమ్మడికి అందించింది.

“ఇవ్వు అమ్మడూ” అన్నాడు పెదనాన్న. “నీ డ్రాయింగైనా బతకనీ.”

అమ్మడు పెన్‌డ్రైవ్ పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. లోపల కంప్యూటరులో ఉన్నది తన డ్రాయింగు కాదు. దిద్దుదామంటే వ్యవధి లేదు, ఆవిడ వెనకే వస్తోంది. అది బయటికి పోతే వందల పెట్టెలు చెడతాయి. పోనివ్వకపోతే ఎందుకో చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిస్తే ఏ ఒట్టు ముందు తెగుతుందో ఆమెకే తెలియదు.

అన్నయ్య గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపాడు.

“ఆ డ్రాయింగు ఇవ్వకు.”

ఆ మాట చెల్లెలితో చెప్పాడు గాని, షెడ్డంతా వినబడింది. పెదనాన్న కళ్ళద్దాలు పెట్టుకుని, మెషీను పక్కనుంచి మెల్లగా నడిచి వచ్చి, కొడుకు ఎదురుగా నిలబడ్డాడు.

“ఎందుకురా?” అన్నాడు.